ఆరో వంతు కొలతలో మా తిరుపతి

బార్బీ బొమ్మలకు ఫోటోలు తీస్తానని తెలిసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఏ కెమెరా?" అని. నాది మామూలు ఫోను. దానికన్నా ఎక్కువసేపు నా చేతిలో ఉండేది మా అబ్బోడి జామెట్రీ బాక్సులోని స్కేలు. ఈ పనిలో కెమెరా తెచ్చే తేడా కొంచెమే, కొలత తెచ్చే తేడా చాలా. తిరుపతి బైరాగిపట్టెడలో మా మిద్దె మీద ఒక్క ఫోటో కోసం చేసిన పనంతా చెబితే ఆ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

నాకు కావలసిన ఫోటో ఇది. వెంకటగిరి చీర కట్టుకున్న అమ్మాయి పొద్దున్నే మిద్దె మీద పిట్టగోడ దగ్గర నిలబడి ఉండాలి. జడలో మల్లెమొగ్గలు, పక్కన తులసికోట, వెనక తిరుమల కొండ. చూసినవాళ్లకు ముందు అమ్మాయి కనబడాలి, బొమ్మ అని ఆ తర్వాతే తెలియాలి. బార్బీ వెనక ప్యారిస్ వీధులు, న్యూయార్క్ మేడలు పెట్టి తీసిన గొప్ప ఫోటోలు ఎన్నో చూశాను. మా ఊరి ఎండలో, మా ఇళ్లలో ఆడవాళ్లు నిలబడే తీరులో నిలబడిన బొమ్మను మాత్రం ఎక్కడా చూడలేదు. చూడాలని గట్టిగా అనిపించింది.

బార్బీ ఎత్తు 11.5 అంగుళాలు, అంటే 29 సెంటీమీటర్ల పైచిలుకు. 1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో, దాన్ని సృష్టించిన రూత్ హ్యాండ్లర్ ఆ బొమ్మను బయటి లోకానికి చూపించింది. సేకరించేవాళ్లు ఈ కొలతను వన్ సిక్స్త్ స్కేలు అంటారు, మనిషిలో ఆరో వంతు అని. బొమ్మ ఎత్తును ఆరుతో హెచ్చిస్తే 175 సెంటీమీటర్లు వస్తుంది, అంటే అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మా ఇళ్లలో అంత పొడుగు ఆడవాళ్లు లేరు. అందుకని గోడా గుమ్మం కట్టేటప్పుడు లెక్కకు వచ్చినదానికి ఒక పిసరు కలుపుతాను. మా పిట్టగోడ మూడడుగులు, ఆరుతో భాగిస్తే 15 సెంటీమీటర్లు. బొమ్మకు 16 పెట్టాను. లెక్కప్రకారం 15 పెడితే గోడ నడుం కిందికి దిగిపోయి, ఆ పిల్ల ఎవరింటి మిద్దె మీదకో వచ్చినట్టుంది.

ఈ భాగాహారం చేతికొచ్చాక పని సగం అయినట్టే. మిగతా సగం భాగాహారానికి లొంగని వాటితో. బట్ట మందం లొంగదు. దీపం వెలుతురు లొంగదు. గాలి అసలే లొంగదు.

మొదట ఏ బొమ్మను నిలబెట్టాలా అని ఆలోచించాను. నా దగ్గరున్న వాటిలో నాకు ప్రాణమైనది 1990లలో మా నాన్న మద్రాసు నుంచి తెచ్చిన బార్బీ. మన దేశంలోనే తయారై, చీరకట్టుతో వచ్చిన బొమ్మ. దాని వీపు మీద 1966 అని, మెడ వెనక జుట్టు కింద 1976 అని అచ్చు ఉంటుంది. పాత బొమ్మలు కొనాలనుకునేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని తీరాలి. అవి ఆ ఒంటి మూసకూ, ఆ తల మూసకూ కంపెనీ కాపీరైట్ హక్కు వేసుకున్న ఏళ్లు. బొమ్మ పుట్టిన ఏడు కాదు. అదే ఒంటి మూసతో దశాబ్దాల పాటు బొమ్మలు పోశారు. 1966 అని చూపించి అరవయ్యేళ్ల బొమ్మంటూ ధర చెప్పేవాళ్లు ఉన్నారు, ఆ ధర ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

వీపు మీది ఆ అచ్చును ఫోటోలో చూపించడం విడిగా ఒక విద్య. ఎదురుగా లైటు వేస్తే అక్షరాలు మాయమవుతాయి, ఎందుకంటే అవి రంగు కాదు, ఒంటి మీద లేచిన గీతలు. గది చీకటి చేసి, టార్చిని బొమ్మ వీపుకు దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే ఒక్కో అక్షరానికీ సన్నటి నీడ పడుతుంది. అప్పుడు "ఇండియా" అన్న మాటతో సహా చదువుకోవచ్చు. అమ్మకానికి పెట్టేవాళ్లను ఈ ఒక్క ఫోటో అడగండి. కుదరదన్నవాళ్ల దగ్గర కొనకండి.

ఆ పాత బొమ్మకు మోచేతులు వంగవు. మోకాళ్లు టిక్కుటిక్కుమంటూ రెండు మూడు చోట్ల ఆగుతాయి, అంతే. పిట్టగోడ మీద చెయ్యానించి నిలబడటం దానివల్ల కాదు. కనుక ఈ ఫోటోకు మేడ్ టు మూవ్ రకం బొమ్మను తీసుకున్నాను. చామనచాయ, నల్లటి పొడుగు జుట్టు, ఒంట్లో 22 చోట్ల కీళ్లు. ఒక కాలి మీద బరువు వేసినట్టు నిలబెట్టి, రెండో మోకాలు రవ్వంత మడిచి, భుజం కొంచెం కిందికి దించితే చాలు, బొమ్మలో ప్లాస్టిక్ బిగువు పోతుంది. కీళ్లున్నాయి కదా అని అన్నీ వంచేస్తే మాత్రం కీళ్లే కనబడతాయి. మోచేతి గుండ్రటి అతుకు కెమెరా వైపు రాకుండా చెయ్యి తిప్పాలి. ఆ పని అయిదు నిమిషాలు తీసుకున్నా పర్వాలేదు.

ఇక చీర. ఎక్కువ రోజులు పట్టిన పని ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే.

మనిషి చీర అయిదున్నర మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు. ఆరో వంతంటే సుమారు 92 సెంటీమీటర్లు, 19 సెంటీమీటర్లు. ముక్క కత్తిరించడం సులువే. కానీ బట్ట మందాన్ని ఆరుతో భాగించే మగ్గం లేదు. గాంధీ రోడ్డులో పట్టు రవికె ముక్కలు ఎంత అందంగా ఉంటాయో, బొమ్మకు చుడితే అంత అట్టముక్కలా నిక్కబొడుచుకుంటాయి. కుచ్చిళ్లు కిందికి వాలవు, నడుం దగ్గర గుత్తి కట్టి బొమ్మను లావు చేస్తాయి. కావలసింది సన్నటి నూలు, అదీ ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడింది. వెంకటగిరి నూలు చీరకు ఆ గుణముంది. మా అత్త పెట్టెలో అంచు చిరిగిన పాత వెంకటగిరి చీర ఒకటుంది. అడగడానికి కొంచెం జంకాను. ఆమె ముక్క చింపిచ్చి, పక్కనే కూర్చుంది.

చీర అంచు కూడా లెక్క ప్రకారమే. నాలుగంగుళాల అంచును ఆరో వంతు చేస్తే 17 మిల్లీమీటర్లు, అంగుళం అంచు చేస్తే 4. మామూలు లేసులేవీ అంత సన్నగా రావు. ఒంటి పోగు జరీని రెండు వరసలు కుట్టి, మధ్యలో ఎర్ర దారం ఒక వరస వేశాను. దూరంనుంచి చూస్తే సన్నంచు చీరే. కోసిన వైపు పోగులు ఊడకుండా ఫెవికాల్‌ను బాగా నీళ్లలో కలిపి కుంచెతో తడిపాను. అంచు మడిచి కుట్టకూడదు, ఆ మడత ఫోటోలో తాడంత లావు కనబడుతుంది.

కుచ్చిళ్లు పెట్టేటప్పుడు మా అత్త చెయ్యి చాపింది.

"ఏందమ్మా, అట్ల పొడి గుడ్డకు కుచ్చిళ్లు పెడితే నిలస్తాయా? కొంచెం గంజి కలుపు. పల్చగా. ఇట్ల దా, నేను చూపిస్తా."

పల్చటి గంజిలో గుడ్డను ముంచి పిండి, తడిమీదనే నాలుగు కుచ్చిళ్లు వేలి గోటితో నొక్కి పెట్టింది. పైనుంచి కింది దాకా దారం వదులుగా చుట్టి, నీడన ఆరబెట్టమంది. "మా అమ్మ మరపాచి బొమ్మలకు ఇట్లనే కట్టేది. దసరా వస్తే పిలకాయలమంతా చుట్టూ కూర్చుని చూసేవాళ్లం" అంది. ఎర్రచందనంతో చేసిన ఆ రాజూ రాణీ జంట మా అత్తకు పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చింది. ప్రతి ఏడూ కొలువులో మొదటి మెట్టు ఎక్కేది అవే, ప్రతి ఏడూ వాటికి కొత్త బట్టలు కట్టాల్సిందే. అలాంటి కొలువులు చూసి పెరిగిన నాకు, బొమ్మకు చీర కట్టడమంటే పరాయి సరదాగా ఎన్నడూ అనిపించలేదు. ఆ రోజు అత్త వేళ్లు ఆడిన తీరు చూశాక అది ఇంకా గట్టిపడింది. ఆమె గోరు కుచ్చిలి మీద ఒకసారి జారితే మడత కత్తి అంచంత నిటారుగా పడుతోంది. నేను అదే పని ఇస్త్రీపెట్టె మొనతో చేస్తున్నాను.

మర్నాడు దారం విప్పితే కుచ్చిళ్లు విడిపోకుండా కిందికి వాలాయి. మనిషికి ఏడెనిమిది కుచ్చిళ్లు వస్తాయి, బొమ్మకు నాలుగు మించితే పొట్ట ముందుకు వస్తుంది. లోపల చుట్టు తిరిగే బట్టను కత్తిరించేసి, ఆ చోట పల్చటి టేపు కుట్టాను. ఫోటోలో కనబడని బట్ట ఒంటిమీద ఉండక్కరలేదు. పిన్నీసులు ఎంత చిన్నవైనా బొమ్మ భుజం మీద తాళంకప్పంత ఉంటాయి. పవిటను రెండు కుట్లతో రవికెకు పట్టించాను.

రవికె గురించి ఒక హెచ్చరిక. ముదురు ఎరుపు, నలుపు, ముదురు నీలం బట్టల రంగు బొమ్మ ఒంటికి అంటుకుంటుంది. మెత్తటి వినైల్ ఆ రంగును లోపలికి పీల్చుకుంటుంది, ఆ తర్వాత తుడిస్తే పోదు. మా ఊరి మే నెల ఎండల్లో అది ఇంకా తొందరగా జరుగుతుంది. నేను కుంకుమరంగు రవికె కుట్టి, లోపల తెల్లటి మల్లు గుడ్డ అస్తరు వేశాను. ఫోటో అవగానే విప్పేస్తాను.

నగల దగ్గర వంటింటి డబ్బాలు అక్కరకొచ్చాయి. మల్లెమొగ్గ ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లుంటుంది. ఆరో వంతు అంటే మూడు మిల్లీమీటర్లు. పొట్టు తీసిన తెల్ల నువ్వుగింజ సరిగ్గా అంతే, ఆకారం కూడా మొగ్గదే, ఒక కొస సన్నం, ఒక కొస గుండ్రం. ఆకుపచ్చ దారానికి పల్చగా జిగురు రాసి, పట్టకారుతో ఒక్కో గింజ అటొకటి ఇటొకటి అంటించాను. సన్నపు కొసలు బయటికి ఉండాలి. అలా అంటించిన మూరెడు దండ, బొమ్మ మూరతో, జడలో పెడితే ఎవరికీ నువ్వులని తోచదు. ముత్యాల గొలుసుకు గసగసాలు. నల్లపూసలు మాత్రం పూసలతో కుదరవు. అంగట్లో దొరికే అతి చిన్న పూస కూడా బొమ్మ మెడలో రేగిపండంత అవుతుంది. నల్ల పట్టుదారాన్ని మెలిపెట్టి వేశాను. ముక్కుపుడక జోలికి వెళ్లలేదు, ముఖాన జిగురు పడనివ్వను.

తులసికోట ధర్మాకోల్‌తో కట్టాను. ఎత్తు 17 సెంటీమీటర్లు. పైన గోడలకు కొట్టే పుట్టీ పల్చగా రాసి, ఆరకముందే తడి స్పాంజితో అద్దితే సున్నం కొట్టిన గోడ గరుకు వస్తుంది. పిట్టగోడకూ అదే పూత. తులసి ఆకులు బొమ్మ అరచేతికన్నా పెద్దవి, పనికిరావు. పూలంగట్లో దండల్లో కలిపి కట్టే మరువం ఉంది చూడండి, దాని లేత కొసలు సరిపోయాయి. నేల కడప బండ ముక్క. చెక్కకు గీతలుంటాయి, ఆ గీతల వెడల్పే చూసేవాళ్లకు అసలు కొలత చెప్పేస్తుంది. నున్నటి కడప బండకు ఆ గోల లేదు, ఏ స్కేలులోనైనా నేలగా ఒదుగుతుంది. దానిమీద ముగ్గుపిండితో గీస్తే పిండి రవ్వలు గులకరాళ్లంత కనబడ్డాయి. తెల్ల పోస్టర్ కలర్‌ను సన్న కుంచెతో పెట్టాను. కోట గట్టు మీద చిన్న ఇత్తడి పళ్లెంలో లడ్లున్నాయి. అవి మిఠాయి అంగడి బూందీ గింజలు, ఒక్కో గింజ ఒక్కో లడ్డు. కొండ ప్రసాదాన్ని ఇలాంటి పనికి వాడను.

ఇప్పుడు వెలుతురు.

గదిలో బల్బు పెట్టి తీసే ఫోటోల్లో బొమ్మ బొమ్మగానే ఉండిపోవడానికి ఒక కారణముంది. బల్బు తలకు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పాదాలకు 70 సెంటీమీటర్లు అవుతుంది. దూరం పెరిగితే వెలుతురు దాని వర్గం చొప్పున తగ్గుతుంది కనుక పాదాలకంటే తలమీద దాదాపు రెట్టింపు వెలుతురు పడుతుంది. మనిషి ఎండలో నిలబడితే తలకూ పాదాలకూ అలాంటి తేడా ఉండదు. మన కన్ను ఈ తేడాను మాటల్లో చెప్పలేకపోయినా పసిగడుతుంది. కిటికీ అయితే వేరు. మా గది కిటికీ నాలుగడుగులు, బొమ్మ లెక్కలో అది ఇరవై నాలుగడుగుల వెలుతురు తెర. ముఖాన మెత్తటి నీడలు పడతాయి. ఎదురుగా తెల్ల ధర్మాకోల్ పలక పెడితే రెండో చెంప కూడా తేరుకుంటుంది. కిటికీ వెలుతురులో తీసేటప్పుడు ట్యూబులైటు ఆపాలి. రెండూ కలిస్తే చామనచాయ బొమ్మ ఒక పక్క పచ్చగా, ఒక పక్క నీలంగా వస్తుంది.

ఉత్తరం కిటికీలో ఎండ పడదు, అక్కడే తీయండి అని చలిదేశాల వాళ్లు రాస్తారు. వాళ్లకు నిజమే. తిరుపతి దాదాపు పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు సగం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. మే నెలలో మా ఉత్తరం కిటికీ గడప మీద ఎండ చుర్రుమంటుంది. ఆ రోజుల్లో కిటికీకి పాత తెల్ల పంచె అడ్డం కడతాను. ఇంకో మాట, ఎండలో బొమ్మను ఎక్కువసేపు వదిలెయ్యకూడదు. జుట్టు రంగు వెలుస్తుంది, వినైల్ పచ్చబడుతుంది.

మరి మిద్దె మీది ఫోటోకు? అక్కడే నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి దొరికింది. సూర్యుణ్ణి ఆరుతో భాగించనక్కరలేదు. అంత దూరం నుంచి వచ్చే వెలుతురుకు తలా పాదమూ ఒక్కటే. బొమ్మ నీడ అంచు ఎంత పదునుగా ఉంటుందో, దాన్ని ఆరు రెట్లు చేస్తే మనిషి నీడ అంచుకు సరిగ్గా సరిపోతుంది. కొండ కూడా అంతే. అయిదడుగుల మనిషి వెనకైనా, అడుగు బొమ్మ వెనకైనా శేషాచలం శేషాచలమే. దగ్గరవన్నీ కొలిచి చేసుకోవాలి, దూరానివి వాటంతట అవే కుదురుతాయి.

కాకపోతే కొండకూ కాలం ఉంది. కొండ మాకు ఉత్తరాన గోడకట్టినట్టు నిలబడి ఉంటుంది. ఎండాకాలం పొద్దున సూర్యుడు ఈశాన్యం నుంచి లేస్తాడు, మా వైపు కొండ చరియ నీడలో ఉంటుంది, పైగా దుమ్ముతెర. నవంబరు నుంచి జనవరి దాకా సూర్యుడు ఆగ్నేయం వైపు జరుగుతాడు. కొండకు ఎదురుగా నిలబడితే ఎండ మన కుడి భుజం వెనకనుంచి వస్తుంది. బొమ్మ ముఖానా పడుతుంది, కొండ ముఖానా పడుతుంది. ఈశాన్య రుతుపవనం వానలు పడి వెలిసిన మర్నాడు పొద్దున కొండమీద బండలు ఒక్కొక్కటి లెక్కపెట్టేంత తేటగా ఉంటుంది. అలాంటి పొద్దు కోసం అన్నీ సిద్ధం చేసుకుని ఎదురుచూశాను. దొరికింది.

బల్ల మిద్దె మీదకు చేరింది. దానిమీద కడప బండ, చిన్న పిట్టగోడ, తులసికోట. బొమ్మ నడుమును పట్టుకునే తీగ స్టాండు చీర లోపల దాగింది. గాలికి పడిపోకుండా స్టాండు అడుగున బరువుకు రెండు తూకపు రాళ్లు పెట్టాను. మా అబ్బోడు పెద్ద గొడుగు తెరిచి గాలికి అడ్డం పట్టుకున్నాడు. కోతులు వస్తే తరమడం కూడా వాడి బాధ్యతే. బూందీ పళ్లెం ఆఖరి నిమిషంలో పెట్టింది వాటి వల్లే.

ఫోను ఎక్కడ పెట్టాలన్నది మళ్లీ భాగాహారమే. నిలబడ్డ మనిషిని మూడు మీటర్ల దూరం నుంచి ఫోటో తీస్తాం అనుకుందాం, బొమ్మకు అది 50 సెంటీమీటర్లు. అంతకంటే దగ్గరికి జరిగితే ముక్కు, ముందుకు చాచిన చెయ్యి ఉబ్బిపోతాయి. దగ్గరికి పోకుండా ఫోనులో రెండు రెట్ల జూమ్ పెట్టాను. ఎత్తు బొమ్మ కంటికి సమంగా, బండనుంచి 26 సెంటీమీటర్లు. పైనుంచి తీస్తే ఎంత గొప్ప సెట్టు కట్టినా బల్ల మీది బొమ్మే. కూర్చోబెట్టి తీసేటప్పుడు ఇంకా కిందికి దిగాలి, అప్పుడు ఫోనును తలకిందులుగా పెడితే లెన్సు నేలను అంటి ఉంటుంది.

పోర్ట్రెయిట్ మోడ్ వాడను. అది జుట్టు కొసల్ని కొరికేస్తుంది, పైగా కొండను ముద్ద చేస్తుంది. వెనకంతా మసకబారితే వస్తువు చిన్నదని కన్ను కనిపెడుతుంది. ఫోను సెన్సరు చిన్నది కనుక కొండ ఆకారం నిలబడుతుంది, ఈ విషయంలో పెద్ద కెమెరా కన్నా ఫోనే మేలు. మా మరిది కెమెరాతో బొమ్మా కొండా అంతే తేటగా రావాలంటే అపర్చర్‌ను, అంటే లెన్సు కంతను, ఎఫ్ 11 దాటించి చిన్నది చెయ్యాల్సి వచ్చింది.

ముఖం దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. బొమ్మ కంట్లో మెరుపుగా తెల్లచుక్క ముందే గీసి ఉంటుంది. అది కంటికి ఏ పక్కనుందో చూసి, వెలుతురు కూడా ఆ పక్కనుంచే వచ్చేలా బొమ్మను తిప్పాలి. నా బొమ్మకు చుక్క ఫోటోలో కుడివైపు పడుతుంది, ఎండా కుడినుంచే. రెండూ కలిసిన క్షణాన ఆ కళ్లకు చూపు వచ్చింది. ఈ కిటుకు ఏ బొమ్మకైనా పనిచేస్తుంది. తొలినాళ్ల బార్బీలు ఓరగా చూస్తాయి, 1971లో వచ్చిన మలిబు బార్బీతో చూపు ముందుకు తిరిగింది. ఓరచూపు బొమ్మలకు కెమెరాను ఆ చూపు వైపు కొంచెం జరపాలి.

ఆకాశం వెలుగెక్కువ కాబట్టి ఫోను తనంతట తాను చామనచాయ ముఖాన్ని నల్లగా చేసేస్తుంది. ముఖం మీద వేలితో తాకి, వెలుగు రవ్వంత పెంచి, అక్కడే లాక్ చేశాను. రెండు సెకన్ల టైమర్. నొక్కిన చెయ్యి కదలిక కూడా ఇంత దగ్గర్లో తెలిసిపోతుంది. గాలి ఆగినప్పుడల్లా తీసుకుంటూ పోయాను. ఒకసారి పవిట కొస తనంతట తాను లేచింది, ఆ ఫోటోనే ఉంచాను. బట్ట మందం వల్ల బొమ్మ పవిట ఎగరదు అనుకునేదాన్ని, అరిగిన వెంకటగిరి నూలు ఎగిరింది.

కంప్యూటర్లో పెద్దది చేసి చూసే పని ఓపిగ్గా చెయ్యాలి. మిల్లీమీటరు దుమ్ము బొమ్మకు ఆరు మిల్లీమీటర్లు. కాబట్టి తీయకముందే మెత్తటి కుంచెతో చీర, ముఖం, బండ అన్నీ దులిపాను, అయినా భుజం మీద ఒక పోగు మిగిలింది. దాన్ని చెరిపాను, స్టాండు తీగ తొంగిచూసిన చోట చెరిపాను. ముఖం జోలికి పోలేదు. ఈ కాలం బొమ్మల ముఖాలు సన్న చుక్కల అచ్చు. మరీ పెద్దది చేస్తే పెదవుల్లో ఆ చుక్కలు కనబడతాయి. అందుకే నా ఫోటోలను ముఖం మాత్రమే ఉండేలా కత్తిరించను. ఆ పిల్ల చుట్టూ గోడ, కోట, కొండ ఉండాలి, వాటి మధ్యే ఆమె మనిషి.

పని అయ్యాక రవికె విప్పి, జుట్టును కొసలనుంచి పైకి వెడల్పు పళ్ల దువ్వెనతో దువ్వి, కీళ్లన్నీ వదులుగా నిలువుగా పెట్టి, తెల్ల గుడ్డలో చుట్టి బీరువా నడిమి అరలో పెట్టాను. పై అర స్లాబు వేడికి కాగుతుంది. బట్టల్లో వేసే నాఫ్తలీన్ ఉండలు బొమ్మల దగ్గరికి రానివ్వను, అవి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి. నువ్వుల దండను చిన్న డబ్బాలో విడిగా దాచాను, చీమలు పట్టకుండా.

తరవాతి ఫోటో మద్రాసు బొమ్మకు. మోచేతులు వంగని బొమ్మ నిలబడితే బిగుసుకుపోయినట్టుంటుంది, ఉయ్యాల బల్ల మీద రెండు చేతులూ పక్కన ఆనించి కూర్చుంటే ఆ బిగువే నిదానంగా కనబడుతుంది. మా అత్త పుట్టింటి ఉయ్యాల బల్ల కొలుచుకొచ్చాను. పొడవు 120 సెంటీమీటర్లు, బొమ్మకు 20. గొలుసులకు ఫ్యాన్సీ అంగట్లో సన్న పట్టీలు చూసిపెట్టాను.